జయరాజ్‌కూ పచ్చ చాయ్‌కూ పడలేదు

బోధన్‌లో చాయ్ పెట్టడం రానివాడెవడు? బస్టాండు దగ్గర పెడతారు, రైలు గేటు దగ్గర పెడతారు, అంగడి రోజు గోనెపట్టా పరుచుకుని కూడా పెడతారు. కాని చక్కెర ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా జయరాజ్ పెట్టే దమ్ చాయ్ తాగినవాడికి ఇంకోచోట తాగితే మూతి వంకర పోతుంది. ఇది నా పొగడ్త కాదు. ఆ మనిషి తన గురించి తనే చెప్పుకునే మాట. అందులో అబద్ధం లేదు కాబట్టి ఊరు కూడా కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

జయరాజ్‌ది కోటగిరి పక్క పల్లె. తండ్రి పోశయ్య చెరకు కొట్టే కూలి. వాళ్ల కుటుంబం మెథడిస్టు చర్చిలో చేరాక పుట్టినవాడు కాబట్టి కొడుక్కి జయరాజ్ అని పేరు పెట్టుకున్నాడు. చెరకు ఆకు ఒంటికి గీరుకుంటే ఆ కొడుక్కి పడలేదు. బోధన్ వచ్చి ఒక ముసలి సేటు హోటల్లో పొయ్యి దగ్గర కుదిరాడు. రాగి డేగ్చాలో నీళ్లు మరగనిచ్చి, ఆకు పోసి, మూతికి తడిగుడ్డ బిగించి, బొగ్గుల సెగ మీద పూటంతా వదిలేయడం అక్కడే నేర్చుకున్నాడు. పక్క గిన్నెలో చక్కెర వేసిన పాలు ఎర్రబడేదాకా మరుగుతుంటాయి. చాయ్ ఆకు గురించి సేటు నేర్పిన సూత్రం ఒకటే. "పత్తీని ఊకె ఇడువొద్దు బేటా, దాని జాన్ మొత్తం గుంజాలె." జయరాజ్ బైబిల్లో వాక్యాలు మరిచిపోయాడేమో గాని ఈ వాక్యం మరవలేదు.

ఎనభైల్లో సొంత హోటల్ పెట్టుకున్నాడు. హోటలంటే నాలుగు రేకులు, రెండు బెంచీలు. డిచ్‌పల్లి నుంచి రూతమ్మ పెళ్లాంగా వచ్చాక పకోడీల బాణలి కూడా వెలిసింది. ఆమె బాణలి దగ్గర, ఇతను డేగ్చా దగ్గర. సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్టరీ సైరన్ కూయగానే షిఫ్టు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఒక్కసారే మీద పడేవారు. ఆ తోపులాటలో కొత్త డేగ్చా మూత తీయగానే జయరాజ్ సాసర్లో పోసుకుని జుర్రుమని పీల్చి, బాగుందనుకుంటే మొదటి గ్లాసు రూతమ్మ చేతికి ఇచ్చేవాడు. ఆమె ఒక చేత్తో పకోడీలు తిప్పుతూ ఇంకో చేత్తో తాగేది. దాన్ని ఎవరైనా ప్రేమ అంటే జయరాజ్‌కు ఒళ్లు మండేది. ఆమె సోలి పడితే పకోడీలు ఎవరు తీస్తారు, అందుకని ఇస్తున్నా అనేవాడు. మొగుళ్ల గోత్రమే అంత, మంచి పని చేసి కూడా ఒప్పుకోరు.

అట్లా పదిహేడో పద్దెనిమిదో ఏళ్లు గడిచాయి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రూతమ్మ మడమకు చెప్పులోంచి మేకు గుచ్చుకుంది. మేకు ఊడింది గాని పుండు మానలేదు. పసుపు పెట్టారు, ఆయింట్‌మెంట్ పూశారు, చర్చిలో ప్రార్థన చేయించారు. చివరికి నిజామాబాద్ తీసుకెళ్తే డాక్టరు రక్తం చూసి షుగర్ అన్నాడు. చక్కెర మానాలి, నిలబడే పని మానాలి అన్నాడు. చుట్టూ చెరకు, గేటు అవతల చక్కెర, ఇంట్లో షుగర్. నవ్వాలో ఏడవాలో జయరాజ్‌కు తెలియలేదు.

రూతమ్మ ఇంట్లో కూర్చుంది. చర్చి వెనక సందులో వాళ్ల ఇల్లు, హోటల్‌కు ఎంతో దూరం లేదు. మొదట్లో జయరాజ్ చక్కెర లేని పాల చాయ్ గ్లాసులో పోసి పంపాడు. ఆమె ఒక్క గుటక తాగి పక్కన పెట్టేసింది. రాత్రి ఇంటికి రాగానే అంది.

"గదేం చాయ్? బర్రె మూతి కడిగిన నీళ్ల లెక్కున్నది."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే జయరాజ్ బెంచీ ఎత్తేవాడు. అన్నది రూతమ్మ. పైగా నిజం. ఆ రోజు నుంచి అతనికి ఒకటే పట్టుదల. చక్కెర పడకుండా, ఆమె ఇష్టంగా తాగే చాయ్ ఒకటి పెట్టి చేతికివ్వాలి. అంతవరకు చెత్త చాయ్ ఇంటికి పంపేది లేదు. ఊరంతటికీ చాయ్ పోసేవాడి పెళ్లానికి చాయ్ లేదంటే, ఆ ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

అప్పుడు వచ్చాడు రత్తయ్య. కోటగిరి దారిలో ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపు ఒకటుంది, అక్కడి రైతు. చెరకు బండ్లు తూకానికి వచ్చినప్పుడల్లా జయరాజ్ బెంచీ మీదే మకాం. సంగతి విని మర్నాడు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ముడి విప్పాడు. లోపల ఎండిన పచ్చటి ఆకు.

"మా బావమరిది ఊటీ వెళ్లి తెచ్చాడయ్యా. గ్రీన్ టీ అంటారంట. పాలొద్దు, పంచదారొద్దు. షుగరోళ్లకి మంచిదని అందరూ అదే తాగుతున్నారు."

"మీరు తాగిండ్రా?"

"నాకు గడ్డి కషాయంలా అనిపించిందిలే. నువ్వు చాయ్‌లో పండితుడివి కదా, నీకు కుదురుద్ది."

పండితుడు అన్నాక ఇంకేముంది, జయరాజ్ ఉబ్బిపోయాడు. ఆ సాయంత్రమే చిన్న డేగ్చా కడిగి, నీళ్లు తెర్ల కాగాక ఆకు పోసి, తడిగుడ్డ బిగించి బొగ్గుల మీద పెట్టాడు. దాని జాన్ మొత్తం గుంజాలి కదా మరి. షిఫ్టు రద్దీ తగ్గాక మూత తీశాడు. చెరువు అడుగున నీళ్లలా ఉంది. సాసర్లో పోసుకుని పీల్చాడు. నాలుక కొస నుంచి గొంతు దాకా వేపాకు నమిలినట్టు పట్టేసింది. తుపుక్కున ఊసి, మొత్తం రోడ్డు పక్క మోరీలో పారబోశాడు.

ఇంటికి వెళ్తే రూతమ్మ ఎదురుచూస్తూ ఉంది. రత్తయ్య ఇచ్చిన ఆకు సంగతి ఆమె చెవిన అప్పటికే పడింది.

"ఏదీ?"

"ఇయ్యాల మంచిగ రాలే. రేపు తెస్త."

ఆ రేపు రాలేదు. ఆకు తగ్గించి చూశాడు. చేదు తగ్గలేదు. నీళ్లు పెంచి చూశాడు. చేదు పలచబడింది గాని చేదు చేదే. రంగు చాలలేదని అనుమానమొచ్చి ఇంకాసేపు మరిగించాడు. రంగు వచ్చింది, దాంతోపాటు ఇంకా చేదు వచ్చింది. అల్లం దంచి వేశాడు, ఇలాచీ వేశాడు, పుదీనా వేశాడు, నిమ్మకాయ పిండాడు. ఆఖరికి అది చాయ్ కాదు, జ్వరమొచ్చినవాడికి పట్టే కషాయం అయింది. పెట్టిన ప్రతిసారీ రుచి చూడటం, ఊయడం, మోరీలో పోయడం. ఆ మోరీకి గాని ప్రాణముంటే చెయ్యెత్తి దండం పెట్టేది.

గేటు దగ్గర మనుషులకు ఇదొక వేడుక అయింది. ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసే భోజన్న రోజూ వచ్చి కూర్చునేవాడు.

"అన్నా, ఇయ్యాల గడ్డి ఉడికిందా?"

"నీ నోట్లె పోస్త సూడు."

"నాకెందుకే, మా ఎద్దుకు పొయ్యి. దానికి గడ్డి అలవాటే."

అందరూ నవ్వారు. జయరాజ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపమంతా మర్నాడు వచ్చిన రత్తయ్య మీద దించాడు. మీ బావమరిదికి ఎవడో పురుగుపట్టిన ఆకు అంటగట్టాడన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటోడే" అన్నాడు రత్తయ్య తాపీగా. "ఊటీలో మా బావమరిదికి పోసిన టీ బాగుందనే కదా కొనుక్కొచ్చింది. అదే ఆకు వాళ్ల చేతిలో బాగుండి నీ చేతిలో బాగోకపోతే తేడా ఎక్కడుందయ్యా? సరే, మీ ఆవిడ ఏవంది?"

"ఆమెకింక ఇయ్యలే. గింత సేదు ఎట్లిస్త?"

రత్తయ్య తన దమ్ చాయ్ తాగేసి వెళ్లిపోయాడు.

ఈలోగా నిజామాబాద్‌లో మళ్లీ చూపించుకునే రోజు వచ్చింది. చక్కెర ముట్టని మనిషికి షుగర్ దిగాలి. ఎక్కి కూర్చుంది. మడమ పుండు చుట్టూ నలుపు తిరుగుతోంది. డాక్టరు పుండును చూసి, రూతమ్మను బయట కూర్చోమని, జయరాజ్‌తో మెల్లగా చెప్పాడు. ఇట్లాగే సాగితే పాదం తీసేయాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరో తీపి ఇస్తున్నారు, కనుక్కో.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు జయరాజ్ పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాడు. ఇంట్లో చక్కెర డబ్బా లేదు, తనే తీసేశాడు. బెల్లం హోటల్లో కూడా లేదు. మరి ఎవరిస్తున్నారు? రూతమ్మను అడిగితే కిటికీ వైపు తిరిగి జానకంపేట వచ్చిందా అని మాట మార్చింది.

దొరకాల్సినప్పుడు దొరుకుతుంది. ఒకరోజు ఫ్యాక్టరీలో ఏదో పాడై మిల్లు ఆగింది. షిఫ్టు వాళ్లను మధ్యాహ్నమే పంపేశారు. నాలుగింటికి సైరన్ కూసింది గాని గేటు దగ్గర పిట్ట లేదు. జయరాజ్ సరేనని ఇంటి ముఖం పట్టాడు. ఇంట్లో రూతమ్మ లేదు. పక్కింటి నాగవ్వ వాళ్ల అరుగు మీద కనిపించింది. కాలు పీట మీద పెట్టుకుని, చేతిలో గ్లాసు పట్టుకుని, నాగవ్వతో ముచ్చట్లలో ఉంది. గ్లాసులో ఎర్రటి పాల చాయ్.

జయరాజ్ గ్లాసు లాక్కుని వేలు ముంచి నాకాడు. చక్కెర పాకం.

"నీ కాలు తీసేస్తరని డాక్టర్ చెప్పిండు, ఎర్కేనా నీకు? నేను గడ్డి గాసం ఉడకబెట్టుకుంట పిచ్చోన్నైతున్న, నువ్వీడ కూసొని పాకం తాగుతున్నవా?"

రూతమ్మ తల వంచుకుంది. నాగవ్వ మాత్రం ఊరుకోలేదు.

"అక్క మీద ఎందుకు ఎగురుతున్నవన్నా. సైరన్ అయినంక అక్క గడపల కూసొని సందు దిక్కు సూస్తుంటది. దినాం సూస్తుంటది. సూడలేక పిలిచిన. సక్కెర ఎయ్యకుంట ఇస్తనంటె, జెర ఎయ్యి అన్నది."

"నువ్వెందుకు ఇస్తవు? ఇంట్ల నేన్లేనా?"

"యాడున్నవు?" అంది రూతమ్మ. తల ఎత్తకుండానే అంది. "నాగవ్వ సక్కెర పోస్తదని నేను రాలే. ఈమె నా పక్కన కూసొని తాగుతది. నువ్వు దినాం రేపు తెస్త అంటవు. తెచ్చేది లేదు, పెట్టేది లేదు. పెట్టింది మోరిల పోస్తవు. సేదో మంచిదో ఒక్కసారన్న నా నోట్లె పోసినవా? తాగేది నేనైతే రుచి సూసేది నువ్వా?"

ఇట్లాంటప్పుడు మగవాళ్లు చేసే పనే జయరాజ్ చేశాడు. గ్లాసు అరుగు మీద టప్పున పెట్టి, విసవిసా వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. అన్నం పెట్టు అంటే పెట్టింది, నీళ్లు అంటే ఇచ్చింది.

ఆ తర్వాతి శుక్రవారం గుడ్‌ఫ్రైడే. ఏడాదిలో ఆ ఒక్క పగలు జయరాజ్ హోటల్ తీయడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, పన్నెండింటి నుంచి మూడు దాకా చర్చిలో కూర్చుంటారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. దప్పిగొనుచున్నాను అనే మాట వచ్చేసరికి జయరాజ్ నిజంగానే దప్పికతో ఉన్నాడు. రూతమ్మ ఆడవాళ్ల వైపు చాప మీద కాలు చాపుకుని కూర్చుంది. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు అతను ఆ మడమ కట్టు వైపే చూశాడు. భయం వేసింది. ఆ భయాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక, దేవుడి మీద కూడా కాస్త కోపం వచ్చింది.

ఇంటికి వచ్చాక ఉపవాసం విడవాలి. రూతమ్మ అటకలు సర్దినట్టు చప్పుడు చేస్తూ గిన్నె తీసింది.

"ఆ ఆకు ఏమన్న మిగిలిందా?" అని అడిగింది. వారం తర్వాత తనంతట తాను అన్న మొదటి మాట అది.

జయరాజ్ చొక్కా జేబులోంచి కవరు తీశాడు. అడుగున కాస్త మిగిలి ఉంది. పారేయడానికి చెయ్యి రాక మోస్తున్నాడు. స్టవ్ వెలిగించి నీళ్లు పెట్టాడు. నీళ్లలో బుడగలు రాగానే కవరు విప్పబోతే రూతమ్మ చెయ్యి అడ్డం పెట్టి, గిన్నె దించి నేల మీద పెట్టింది.

"ఇంక మరుగలే. ఆకు ఏసి మరగబెట్టాలె" అన్నాడు జయరాజ్.

"మరగబెట్టి మరగబెట్టే గదా గిట్లయింది. మెంతాకు ఎక్కువ ఉడికితె సేదెక్కదా? ఆగు జెర. గింత లేత ఆకు, దీన్ని పట్టుకొని నూక ఉడికినట్టు ఉడికిస్తవు."

ఆగాడు. ఆగడం అతనికి చేతకాని పని. రెండుసార్లు లేచాడు, రెండుసార్లు ఆమె కూర్చోబెట్టింది. నీళ్ల మీద బుడగలు అణిగిపోయి, ఆవిరి పలచబడ్డాక ఆమె ఆకు వేసి పళ్లెం మూసింది. ఎంతోసేపు కాలేదు, ఒక బైబిల్ అధ్యాయం చదివినంత సేపు కూడా కాదు, వడకట్టేసింది. గ్లాసులో నీళ్లు లేత పసుపు.

"రంగే రాలే. గిదేం చాయ్?"

"రంగు తాగుతనా నేను?" అంది రూతమ్మ. ఆమె గ్లాసు ఎత్తి తాగింది. మళ్లీ తాగింది. జయరాజ్ ఆమె మూతి వంకే చూస్తున్నాడు. వంకర పోలేదు.

అతనూ తాగాడు. చేదు లేదు. నోట్లో ఏమీ లేదేమో అనుకున్నాడు. రెండో గుటకకు తెలిసింది, లేత మక్కజొన్న బుట్ట పొట్టు ఒలిచినప్పుడు వచ్చే వాసన, అడుగున చిటికెడు తీపి. నమ్మకం కలగలేదు. ఇదే ఆకు, ఇన్నాళ్లు మోరీలో పోసిన ఆకు. అంతలో నాగవ్వ వాకిట్లోంచి, ఉపవాసం విడవమని జయరాజ్‌కు మాత్రం ఒక గిన్నెలో బెల్లం అటుకులు అందించి వెళ్లింది. ఆకలి మీద జయరాజ్ గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. మింగి, గ్లాసు ఎత్తి ఇంకో గుటక తాగాడు.

చేదు. మళ్లీ అదే వేపాకు.

గ్లాసు వైపు చూశాడు, అటుకుల గిన్నె వైపు చూశాడు. రోజుకు ఎన్ని డేగ్చాలు దించుతాడో అన్ని సార్లు పాకంలాంటి చాయ్ పీల్చే నోరు తనది. ఆ నోటితో దేన్ని తాగినా చేదు కాక ఏమవుతుంది? మరిగించిన తప్పు సగం, నోటి తప్పు సగం. పారబోసిన వాటిలో రూతమ్మ తాగగలిగినవి కూడా ఉండి ఉంటాయి. పలచన చేసినది, నిమ్మకాయ పిండినది. ఒక్కటీ ఆమె దాకా చేరనివ్వలేదు. ఇన్ని నెలలు ఆమె గడపలో కూర్చుని సందు వైపు చూసింది, తను పండితుడిలా ఊస్తూ కూర్చున్నాడు. ఛీ అనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు, ఈసారి అరవడానికి ఎవరూ లేరు.

"ఏమైంది?" అంది రూతమ్మ.

"ఏం కాలే. నువ్వు తాగు."

మర్నాడు శనివారం హోటల్ మామూలుగానే తెరిచాడు. మధ్యాహ్నం వరకు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాలుగు కాకముందే డేగ్చా సెగ తగ్గించి, బెంచీలు గోడకు ఆనించి, మెడలో తువ్వాలు వేసుకుని ఇంటికి వచ్చేశాడు. రూతమ్మ స్టవ్ మీది గిన్నె దించి నేల మీద పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

సైరన్ కూసింది.

జయరాజ్ కాళ్లు వాటంతట అవే కదిలాయి. గేటు దగ్గర జనం ఎట్లా తోసుకుంటారో, ఖాళీ బెంచీలు చూసి ఎన్ని తిట్లు తిడతారో అతనికి కూర్చున్నచోటే వినిపిస్తోంది. గిన్నెలో నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఇంత మెల్లగా చల్లారే నీళ్లను అతను జన్మలో చూడలేదు. ఆ నీళ్ల మీద కూడా కోపం వచ్చింది.

"పో, మంది ఆగమాగమైతరు. నేను తాగుతగని" అంది రూతమ్మ.

అంతలోనే భోజన్న రొప్పుతూ సందులోకి వచ్చాడు.

"అన్నా, గిదేంది, ఇంట్ల కూసున్నవు? గేటు కాడ అందరు నిన్నే ఒర్లుతున్నరు. హోటల్ ఎత్తేసినవా ఏంది? లే, నడువు."

జయరాజ్ మోకాళ్లు పట్టుకుని బలవంతంగా కూర్చున్నాడు.

"వాళ్లను ఆగమను" అన్నాడు. "నీళ్లు ఇంక సల్లారలే."